నడుము ఆపరేషన్ తర్వాత అమ్మను చూసుకున్న అనుభవం

మీ నాన్నగారికి బెంగళూరులో ఎల్4-ఎల్5 డిస్క్ (నడుములో నాలుగో, ఐదో వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) ఆపరేషన్ అయింది, రెండు రోజుల్లో డిశ్చార్జ్, ఇంట్లో హోమ్ నర్సును పెట్టుకోవాలా అని అడిగారు. పోయిన ఏడాది మా అమ్మకు ఇదే ఆపరేషన్ అయింది. మేమూ బెంగళూరులోనే, మారతహళ్ళిలో ఉంటాం. నర్సును పెట్టుకోండి, కానీ మంచం మీంచి లేపడం మాత్రం ముందు మీరు నేర్చుకోండి.

మేం నేర్చుకోలేదు. ఏజెన్సీ నుంచి వచ్చిన అమ్మాయి మొదటి రోజే, వెల్లకిలా పడుకున్న అమ్మను రెండు చేతులూ పట్టుకుని లాగి లేపింది. అమ్మ పెట్టిన కేక ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఫోన్ చేస్తే వార్డు సిస్టర్ వీడియోలో చూపించారు. మోకాళ్ళు మడిచి, భుజం, తుంటి ఒక్కసారే కదిలేలా, దుంగ దొర్లినట్టు పక్కకు తిరగాలి. కాళ్ళు మంచం దింపుతూనే కింది మోచేయి, పై అరచెయ్యి పరుపుకు ఆనించి పైకి లేవాలి. మనం భుజం వెనక చెయ్యి వేస్తే చాలు.

రెండో తిప్పలు బాత్రూం. నొప్పి మాత్రలతో అమ్మకు మూడు రోజులు విరేచనం కాలేదు. ముక్కితే నడుముకు మంచిది కాదు. డిశ్చార్జ్ రోజే డాక్టర్‌ని అడిగి సిరప్ రాయించుకోండి. వెస్టర్న్ కమోడ్ మీద ఎత్తు సీటు పెట్టండి.

పలకరించడానికి వచ్చినవాళ్ళు గంటలసేపు కూర్చోబెడతారు, మొహమాటపడకండి. మా డాక్టర్ అమ్మను ఒకసారికి 20 నిమిషాలే కూర్చోమన్నారు. వరండాలో ఐదేసి నిమిషాల నడక మాత్రం రోజుకు ఐదారుసార్లు. నడుముకు పెట్టుకునే బెల్టు సంగతి మీ సర్జన్ చెప్పినట్టే. కుట్లు తీయించడానికి ఆటోలో వద్దు, ఇక్కడి హంపులు తెలుసుగా. కారు ముందు సీటు కాస్త వెనక్కి వాల్చి తీసుకెళ్ళండి.

మూత్రం రాకపోయినా, ఆపుకోలేకపోయినా, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కినా, పాదం ఎత్తలేకపోయినా అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్ళండి. జ్వరం వచ్చినా, కుట్లలోంచి చీము గానీ నీళ్ళలాంటిది గానీ కారినా, లేచి కూర్చుంటే తల పగిలిపోతోందన్నా వెంటనే సర్జన్‌కి చెప్పండి.

కాలి నొప్పి తగ్గినా పాత తిమ్మిరి మిగిలితే బెంగపెట్టుకోకండి. నరం కోలుకోవడానికి టైం పడుతుంది. మా అమ్మకు బొటనవేలి తిమ్మిరి మూడో నెలలో తగ్గింది.