కొత్తింట్ల కండ్లెందుకు మండుతయ్?

మాఘమాసం ముహూర్తాలు అయిపోయినంక ప్రతి ఏడు ఇదే వరుస, వచ్చే ఉత్తరాలల్ల సగం కొత్తిండ్ల గురించే ఉంటయ్. ఈసారి గోడ పగుళ్లు, బోరు లోతు పక్కకు పెట్టి ఇంట్ల గాలి గురించి అడిగినయే తీసుకున్న, ఎందుకంటే ఈ ముచ్చట మన దగ్గర మేస్త్రి చెప్పడు, కార్పెంటర్ చెప్పడు, పెయింటర్ అసలే చెప్పడు.

ప్రశ్న: అన్నా నమస్తే. మాది మిర్యాలగూడ. ఫిబ్రవరిల ఇంట్లకు వచ్చినం. పిల్లల బెడ్రూంల గోడంత వార్డ్‌రోబ్ పెట్టించినం, దాని తలుపు తీస్తే సాలు కండ్లల్ల నీళ్లు, గొంతు గరగర. పెద్దోడు రాత్రిపూట దగ్గుతున్నడు, పాతింట్ల వానికి ఈ దగ్గు లేదు. కార్పెంటర్‌ను అడిగితే కొత్త చెక్క వాసన వదినా, నెల రోజుల్ల పోతది అన్నడు, మూడు నెలలాయె. రూం ఫ్రెషనర్ కొడుతున్న, బట్టలల్ల నాఫ్తలిన్ గోలీలు పెట్టిన, రాత్రి ఏసీ వేసి అన్ని మూసేస్తున్నం. ఇల్లు అచ్చిరాలేదని మా అత్తమ్మ ఒకటే రంది పడుతున్నది.

జవాబు: చెల్లె, ముందుగాల మీ అత్తమ్మకు ధైర్యం చెప్పు. ఇల్లు అచ్చిరాకపోవుడు కాదు, ఆ వార్డ్‌రోబ్‌ల ఉన్న జిగురుతోటి వచ్చిన తిప్పలు. అది చెక్క వాసన కానే కాదు. ఇప్పుడు వార్డ్‌రోబ్‌లకు వాడేది ఎక్కువ ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు, లేకుంటే చవక ప్లైవుడ్. చెక్క పొట్టునో పల్చటి పొరలనో యూరియా ఫార్మాల్డిహైడ్ అనే జిగురు కలిపి వేడి మీద ఒత్తి తయారు చేస్తరు. ఆ జిగురుల నుంచి ఫార్మాల్డిహైడ్ అనే గ్యాస్ కొద్దికొద్దిగ వస్తనే ఉంటది, మొదటి నెలలల్ల జోరుగ, తర్వాత తగ్గుకుంట, కొన్ని ఇండ్లల్ల ఏండ్ల దాకా. వేడి పెరిగితే ఇంకా ఎక్కువ వస్తది, చెమ్మ ఉన్నా అంతే, మరి మిర్యాలగూడ ఎండలు నీకు నేను చెప్పాల్నా, మీరు ఇంట్లకు వచ్చినంక చలికాలం పోయి ఎండలు ముదిరినయ్, అందుకే నెల రోజుల్ల పోతదన్న వాసన పోలేదు.

కండ్లు, ముక్కు, గొంతు మంట దీనికి మొదటి గుర్తు. ఆయాసం ఉన్న పిల్లలకు ఇది ఇంకింత కష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004ల దీన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చే వాటిల్ల చేర్చింది. బెదిరించనీకె చెప్తలేను, ఏండ్ల తరబడి ఎక్కువ మోతాదుల పీల్చినోళ్ల గురించి వచ్చిన మాట అది, కాని చిన్న పిల్లలు పండుకునే అర్రల దీన్ని ఉంచుకోవద్దని మాత్రం గట్టిగ చెప్తున్న.

నల్లగొండల మా ఇంట్ల కూడా ఇదే అయింది. బయటికి చూస్తే సన్‌మైకా అద్దం లెక్క మెరుస్తున్నది, వాసన యాడికెళ్లి వస్తున్నదో సమజ్ కాలే. ఒకరోజు డ్రాయర్ మొత్తం గుంజి తిరగేసి చూసిన. అడుగు భాగం, వెనుక పలక అంత ఉత్త బోర్డే, అంచు మీద గోరుతోటి గీకితే గోధుమరంగు పొడి రాలింది, మొఖం దగ్గరికి తీసుకపోతే ఉల్లిగడ్డ కోసినట్టు చుర్రుమన్నది. కార్పెంటర్లు కంటికి కనపడే దిక్కు లామినేట్ (సన్‌మైకా లాంటి పొర) వేస్తరు, కనపడని దిక్కు వదిలేస్తరు, గ్యాస్ వచ్చేది ఆ వదిలేసిన దిక్కుకెళ్లే. స్క్రూ కోసం కొట్టిన రంధ్రాలు, కోసిన అంచులు మరీ ఎక్కువ.

ఇగ నువ్వు చేయాల్సింది చెప్త. ఇయ్యాల్నే పిల్లల పక్క వేరే అర్రలకు మార్చు. వార్డ్‌రోబ్ ఖాళీ చేసి తలుపులు, డ్రాయర్లు అన్ని తీసిపెట్టు, ఎదురుబొదురు కిటికీలు తెరువు, టేబుల్ ఫ్యాన్‌ను కిటికి దిక్కు మలిపి లోపలి గాలి బయటికి పోయేటట్టు పెట్టు. కొన్ని వారాలు ఇట్లనే నడవాలె. తర్వాత కార్పెంటర్‌ను పిలిచి ఉత్తగ ఉన్న అంచులన్నిటికి ఎడ్జ్ బ్యాండ్ (అంచుకు అంటించే పట్టీ), ఉత్తగ ఉన్న అడుగులకు, వెనుకలకు లామినేట్ వేయించు. దాని జిగురు వాసన కూడా ఉంటది కాబట్టి ఆ రెండు మూడు రోజులు పిల్లలను అమ్మగారింటికి పంపియ్.

ఫ్రెషనర్ బంద్ చెయ్, అది వాసనను తీసెయ్యదు, దాని మీద ఇంకో రసాయనం చల్లుతది అంతే. నాఫ్తలిన్ గోలీలు కూడా తీసెయ్. దోమల చక్రం పెడుతున్నరా? మూసిన అర్రల ఒక్క చక్రం పూర్తిగ కాలితే వచ్చే సన్నటి పొగ నుసి 75 నుంచి 137 సిగరెట్ల పొగకు సమానమని 2003ల అచ్చయిన ఒక పరిశోధనల తేలింది, దోమతెర కట్టుకోండ్రి.

ఏసీ సంగతి చానమందికి తెల్వదు. మనింట్ల పెట్టే స్ప్లిట్ ఏసీ బయటి గాలి తేదు, అర్రలున్న గాలినే తిప్పి తిప్పి సల్లగ చేస్తది. బయట కార్బన్ డయాక్సైడ్ 420 పీపీఎం (పది లక్షల వంతులల్ల 420) దగ్గర ఉంటే, నలుగురు పండుకున్న మూసిన అర్రల తెల్లారేసరికి 2000 దాటుడు మామూలే, పొద్దుగాల తల బరువుకు ఈ మూసిన గాలి కూడా ఒక కారణం కావచ్చు. పండుకునేముందు కిటికి రెండు వేళ్ల సందు తెరిచిపెట్టు, కరెంటు బిల్లు కొంచెం పెరిగినా సరే. పిల్లగాని దగ్గు పదిహేను రోజుల్ల తగ్గకపోతే డాక్టర్‌కు చూపియ్, కొత్తింట్ల వార్డ్‌రోబ్ సంగతి కూడా ఆయనకు చెప్పు, అడిగితే తప్ప మనం చెప్పం కదా.

ప్రశ్న: కల్వకుర్తి దగ్గర ఇల్లు కడుతున్నం అన్నా, స్లాబ్ అయింది, గిలాబు నడుస్తున్నది. ఫాల్స్ సీలింగ్ వస్తది కాబట్టి వెంటిలేటర్లు వద్దు, అవి పాత ఫ్యాషన్ అంటున్నడు ఇంజనీర్. ప్లైవుడ్, రంగులు ఏవి తీసుకోవాలె?

జవాబు: తమ్మీ, వెంటిలేటర్లు మాత్రం ముయ్యనియ్యకు. మీ తాతలనాటి గూనపెంకల ఇంట్ల కప్పుల గవాచి ఉండె, యాదికుందా? పొయ్యి పొగ, వేడి గాలి దాంట్లకెళ్లి ఎల్లిపోయేది, దాని జాగల చల్లటి గాలి దర్వాజకెళ్లి వచ్చేది. వేడి గాలి పైకి పోతది, పైన తొవ్వ లేకుంటే అక్కడనే మురుగుతది, దీనికి పాతా కొత్తా లేదు. మట్టిగోడ, డంగుసున్నం గిలాబు చెమ్మను పీల్చుకొని మల్ల వదిలేస్తుండె. ఇప్పుడు సిమెంటు, పుట్టీ, ఆయిల్ పెయింట్, అల్యూమినియం కిటికీలు అన్ని కలిపి ఇల్లు డబ్బా అయితున్నది, దాంట్ల మనమే కొత్త కొత్త వాసనలు తెచ్చి పెడుతున్నం. అన్ని పాతయే మంచియని నేననను, ఆ పొయ్యి పొగకు మన అమ్మమ్మల కండ్లు, ఊపిరితిత్తులు ఖరాబైనయ్ కూడా.

నేషనల్ బిల్డింగ్ కోడ్ లెక్కన మన లెక్క ఎండ, పొడి వాతావరణం ఉన్న దిక్కు అర్ర నేలల కనీసం పదో వంతు కిటికీలు ఉండాలె. పది బై పన్నెండు అర్ర అంటే 120 చదరపు అడుగులు, దానికి 12 చదరపు అడుగుల కిటికి. స్లైడింగ్ కిటికి పెడితే సగమే తెరుచుకుంటది, ఆ లెక్క కూడా చూసుకో. రెండు కిటికీలు ఒకే గోడకు పెట్టియ్యకు, ఎదురుగోడకు ఇంకోటి ఉంటేనే గాలి ఆడుతది. వంటింట్ల చిమ్ని పెడితే పైపు బయటికే పోవాలె, పైపు లేని చిమ్ని నూనె జిడ్డు పడుతది తప్ప గ్యాస్ పొయ్యి నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ అనే చెడు గ్యాస్‌ను ఆపదు. గ్యాస్ గీజర్ అయితే బాత్రూంల వద్దే వద్దు, దాంట్లకెళ్లి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విష గ్యాస్‌కు వాసన ఉండదు, స్నానానికి పోయిన మనిషి అక్కడనే పడిపోతడు.

ప్లైవుడ్‌ల ఎమ్మార్ (చెమ్మను తట్టుకునే) గ్రేడ్‌కు యూరియా జిగురు, బీడబ్ల్యూఆర్, బీడబ్ల్యూపీ (మరిగే నీళ్లను తట్టుకునే) గ్రేడ్‌లకు ఫినాల్ జిగురు వాడుతరు, ఈ ఫినాల్ జిగురు నుంచి గ్యాస్ చాన తక్కువ. దుకాణపాయన నీళ్లు తగిలే వంటింటికే ఇది అంటడు, నువ్వు బెడ్రూంకు కూడా ఇదే అడుగు. ఎండీఎఫ్ తప్పదంటే ఈ-1 గాని ఈ-0 గాని (గ్యాస్ తక్కువ వదిలే రకమని గుర్తు) ముద్ర ఉన్నదే తీసుకో. రంగులకు గోడల వరకు నీళ్ల రంగు సాలు, తక్కువ వీఓసీ (గాలిల కలిసే రసాయనాలు) అని రాసినది చూడు, థిన్నర్ కలిపే రంగులు గ్రిల్స్‌కు, తలుపులకే ఉంచు. సీసం 90 పీపీఎం దాటొద్దని 2017 నవంబర్ నుంచి మన దేశంల రూల్ ఉన్నది, డబ్బా మీద ఆ మాట ఉందో లేదో చదివి కొను. అన్నిటికన్న ముఖ్యం, రంగుల పని ముహూర్తం రేపనంగ ముగించకు, నెల రోజుల ముందే అయిపోవాలె, ఆ నెల కిటికీలన్ని తెరిచే ఉండాలె. ఇంత ఖర్చు పెట్టినోళ్లు ఈ నెల రోజులు మాత్రం ఆగరు, నాకు బాధనిపిస్తది.

ప్రశ్న: దేవరకొండ నుంచి రాస్తున్న. మన నల్లగొండ భూమిల యురేనియం ఉందంటరు, గ్రానైట్ నుంచి రేడాన్ వస్తదని ఫోన్ల చూసిన. మా హాల్ మొత్తం గ్రానైటే, తీసేయాల్నా?

జవాబు: తీసెయ్యకు అన్నా. లంబాపూర్, పెద్దగట్టు దిక్కు యురేనియం నిక్షేపాలు ఉన్న మాట నిజమే, యురేనియం నుంచి రేడియం, దాని నుంచి రేడాన్ అనే అణుధార్మిక గ్యాస్ వచ్చుడు కూడా నిజమే, సిగరెట్ల తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు అదే పెద్ద కారణం. కాని ఇంట్లకు వచ్చే రేడాన్‌ల ఎక్కువ భాగం నేల కింది మట్టి, రాయి నుంచి పగుళ్లల్లకెళ్లి వస్తది, పాలిష్ చేసిన బండ నుంచి వచ్చేది చాన కొంచెం. నేల పగుళ్లు, పైపుల చుట్టు సందులు సిమెంటుతోటి పూడ్చు, కింది అంతస్తు కిటికీలు తెరుస్తుండు, సెల్లార్ల ఎవ్వరిని పండుకోనియ్యకు.

ప్రశ్న: నారాయణపేటల రేకుల అర్రల కిరాయికుంటున్న. సిమెంటు రేకుకు రంధ్రం కొట్టి వైరు దింపాలె. ప్రమాదమా?

జవాబు: డ్రిల్ పెట్టకు తమ్మీ. ఆ రేకులల్ల ఆస్‌బెస్టాస్ నార ఉంటది, రేకు గట్టిగ ఉన్నన్ని రోజులు పెద్దగ భయం లేదు, కోసినా, రంధ్రం కొట్టినా, పలిగినా ఆ కంటికి కనపడని నార గాలిల కలుస్తది, పీల్చితే ఇరవై ముప్పై ఏండ్లకు రోగం బయటపడుతది. వైరును గోడకెళ్లి తెచ్చుకో. ఇదివరకే పలిగిన ముక్క ఉంటే చీపురుతోటి ఊడ్వకు, నీళ్లు చల్లి తడి బట్టతోటి ఎత్తి, ఆ బట్టను దులపకుండ ముక్కతోటి కలిపి రెండు కవర్లల్ల మూటకట్టు.