తాళంచెవి మీ కొంగునే ఉండనివ్వండి

మనవలను పెంచిపెట్టి సొంతింటికి తిరిగొచ్చిన అమ్మమ్మలు, మామ్మల నుంచి ఈ మధ్య ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. గోదావరి లంకల నుంచి, కాలువగట్ల ఊళ్ల నుంచి వచ్చినవాటిలో ఐదింటికి ఈసారి జవాబులు.

*నాకు 64 ఏళ్లండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఆయన పోయాక హైదరాబాదులో మా అబ్బాయి దగ్గర ఏడేళ్లున్నాను. మనవలిద్దరూ బడికి వెళ్తున్నారు, ఇక నా అవసరం అంతగా లేదు. మా ఇంట్లో నేను ఉందామని వచ్చేశాను. ఒక్కదానివీ ఎలా ఉంటావమ్మా అని మావాడు రోజూ గోల. ఏమేం ఏర్పాట్లు చేసుకుంటే వాడికి ధైర్యం చెప్పగలను?*

మీ అబ్బాయి భయంలో న్యాయం ఉంది, మీ కోరికలోనూ ఉంది. ఆయనకు మాటలతో ధైర్యం చెప్పబోకండి. ఇల్లు సరిచేసుకుని, ఒకసారి రమ్మని చూపించండి.

ముందు కరెంటు. ఏడేళ్లు మూసి ఉన్న ఇల్లంటే మన డెల్టాలో గోడలకు చెమ్మెక్కి ఉంటుంది. తడిగోడ మీద స్విచ్చు ముట్టుకుంటే జిల్లుమంటుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగు చూడమనండి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టమనండి. కరెంటు ఎక్కడ లీకైనా అది చటుక్కున పడిపోతుంది. మామూలు ఫ్యూజు కాపాడేది వైరింగునే, మనిషిని కాదు. మోటారు స్విచ్చు తడిచేతికి అందేచోట ఉంటే అక్కణ్ణుంచి మార్పించండి.

తర్వాత స్నానాలగది. పెద్దవాళ్లు ఇంట్లో ఎక్కువగా జారిపడే చోట్లలో అదొకటి. నున్నటి టైల్స్ ఉంటే గరుకు రకం వేయించండి. అది కుదరకపోతే వారానికోసారి బ్లీచింగ్ చల్లి, పది నిమిషాలు నాననిచ్చి, నాచు పోయేదాకా చీపురుతో రుద్దించండి. కమోడ్ పక్కన, స్నానం చేసేచోట స్టీలు పట్టుకమ్మీలు నేల నుంచి 33 – 36 అంగుళాల ఎత్తున గోడలోకి బిగించాలి. తువ్వాలు వేసుకునే కమ్మీని పట్టుకుని లేస్తే అది ఊడి చేతికొస్తుంది, దాన్ని నమ్ముకోవద్దు. లోపల గడియ పెట్టుకోకండి. ఒంటరిగా ఉన్న ఇంట్లో ఆ గడియ వల్ల ఉపయోగం లేదు, పడినప్పుడు మాత్రం తలుపు పగలగొట్టాల్సి వస్తుంది.

గ్యాసు రబ్బరు ట్యూబు మీద గడువు అచ్చువేసి ఉంటుంది. ఐదేళ్లు దాటితే మార్చేయండి, మీ ఇంట్లోది దాటే ఉంటుంది. వానాకాలం పెరట్లోకి లైటు లేకుండా దిగొద్దు. కొబ్బరి డొక్కలు, కట్టెల మోపు గోడవారన పేర్చితే ఎలుకలొస్తాయి, ఎలుకల కోసం పాములొస్తాయి. వాటిని ఇంటికి దూరంగా పెట్టించండి. పాము కరిస్తే తాడు బిగించి కట్టకూడదు, గాటు పెట్టకూడదు, నాటుమందంటూ గంటలు పోగొట్టుకోకూడదు. కాలు కదపకుండా 108లో ఆసుపత్రికి వెళ్లడమే.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, పైసా ఖర్చులేనిది ముగ్గు. పొద్దున్నే వాకిలి ఊడ్చి ముగ్గేసే అలవాటు మీకు ఎలాగూ ఉంటుంది. ఏడు గంటలకల్లా మా వాకిట్లో ముగ్గు కనబడకపోతే ఒకసారి తలుపు కొట్టమని ఎదురింటి వాళ్లకు, పాలబ్బాయికి చెప్పి ఉంచండి. రెండో తాళంచెవి ఒక్క ఇంట్లోనే ఇవ్వండి, ఎవరింట్లో ఇచ్చారో మీ అబ్బాయికి చెప్పండి. వాళ్ల ఫోను నంబరూ ఆయన దగ్గర ఉండాలి. మీరు వేసుకునే మాత్రల పేర్లు, ఏ పూట ఏది అన్నది పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. మీరు చెప్పలేని స్థితిలో ఉన్నా వచ్చినవాళ్లు చదువుకుంటారు.

డబ్బు దగ్గర ఒక జాగ్రత్త. పింఛను వస్తుంటే, ఒకటో తారీఖున 4,000 ఇంటికే తెచ్చిస్తారు. ఊళ్లో లేని నెల ఉంటే మరుసటి నెల కలిపి తీసుకోవచ్చు. ఫోన్‌పే లాంటివాటికి మీ పొదుపంతా ఉన్న ఖాతాను కలపొద్దు. వేరే చిన్న ఖాతా తెరిచి ఐదారు వేలు మాత్రం ఉంచండి. పిన్ను కొట్టేది డబ్బు పంపడానికే. మీకు డబ్బు రావడానికి పిన్ను అడిగారంటే అది మోసం. పొరపాటున పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును ఆపించే అవకాశం అంత ఎక్కువ.

*మా ఊళ్లో ముగ్గురం స్నేహితురాళ్లం, అందరం అరవై దాటినవాళ్లమే. ఈ కార్తీకంలో పిల్లల్ని అడగకుండా మాకు మేమే పంచారామాలు చూసి రావాలని ఉంది. ఉచిత బస్సుల్లో వెళ్లొచ్చా? మోకాళ్ల నొప్పులున్నాయి.*

వెళ్లొచ్చు. ఐదూ ఒకే రోజున చూడాలనే పట్టుదల మాత్రం వదిలేయండి. ఆ ఆచారం ఉన్నమాట నిజమే, కార్తీకంలో అందుకోసం ప్రత్యేక బస్సులూ వేస్తారు. వాటిలో రాత్రంతా కూర్చుని వెళ్లి, గుడి గుడికీ పరుగులు తీయడం మోకాళ్లు బాగున్నవాళ్లకే కష్టం. వాటికి టికెట్టూ కొనుక్కోవాలి.

2025 ఆగస్టు 15 నుంచి మొదలైన స్త్రీశక్తి పథకంలో పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులకు ఆడవాళ్లు డబ్బు కట్టక్కర్లేదు. డీలక్సులకు, ఏసీ బస్సులకు, రాష్ట్రం దాటే సర్వీసులకు అది వర్తించదు. ఎక్కేముందు బోర్డు చదవండి. ఆధార్ అసలు కార్డు చేతిలో ఉంచుకోండి. ఉచితమే కదా అని ఊరుకోకుండా సున్నా టికెట్టు అడిగి తీసుకోండి.

రాజోలు, అమలాపురం వైపు వాళ్లు దీన్ని మూడు ముక్కలు చేసుకుంటే సుఖం. మొదటిరోజు చించినాడ వంతెన దాటి పాలకొల్లు క్షీరారామం, అక్కణ్ణుంచి భీమవరం గునుపూడిలో సోమారామం. సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు. ఇంకో రోజు రావులపాలెం, రామచంద్రపురం మీదుగా ద్రాక్షారామం వెళ్లి, మధ్యాహ్నానికి కాకినాడ చేరి, భోంచేసి కాసేపు నడుం వాల్చి, సాయంత్రం సామర్లకోట కుమారారామం చూడండి. ఆ రాత్రికి కాకినాడలోనే ఉండిపోండి, చీకట్లో తిరుగుబస్సుల కోసం నిలబడొద్దు. అమరావతి కృష్ణ ఒడ్డున ఉంది. దాన్ని విజయవాడలో ఒక రాత్రి బస పెట్టుకుని విడిగా చూసుకోండి.

మోకాళ్ల సంగతికొస్తే, ద్రాక్షారామంలోనూ సామర్లకోటలోనూ లింగం రెండంతస్తుల ఎత్తుంటుంది. అభిషేకం జరిగే పైభాగం చూడాలంటే మెట్లెక్కాలి. ఎక్కలేకపోతే కింద నుంచే దణ్ణం పెట్టుకోవచ్చు, అదీ అదే లింగం. మెట్లెక్కేవాళ్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని అడ్డంగా, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి దిగండి. మోకాలికి ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే ఎక్కువ బరువు. గునుపూడిలో శివుడు కిందే ఉంటాడు, పైన ఉన్నది అన్నపూర్ణమ్మ.

సోమవారాలు, పౌర్ణమి, ఆదివారాలు వదిలి మంగళ, బుధవారాల్లో వెళ్లండి. ఉపవాసం ఉండొద్దు, మాత్రలూ మానొద్దు, ముఖ్యంగా షుగరు ఉన్నవాళ్లు. సంచిలో నాలుగు అరటిపళ్లు, మంచినీళ్ల సీసా, మాత్రలు, ఒక జత సాక్సులు పెట్టుకోండి. తెల్లవారుజామున గుడిరాయి చల్లదనానికి పాదాలు తిమ్మిరెక్కుతాయి. పిల్లల్ని అడగక్కర్లేదు గానీ చెప్పి వెళ్లండి. ఎక్కిన బస్సు నంబరు మెసేజ్ పెడితే చాలు.

*ఎండాకాలం సెలవులకు ఇద్దరు కొడుకులూ పిల్లల్ని దింపేసి వెళ్లిపోతారు. నలుగురు మనవలు, నెలన్నర. వాళ్లంటే ప్రాణం, కానీ వాళ్లు వెళ్లాక నేను పదిరోజులు మంచం పడుతున్నాను. వద్దనడానికి నోరు రావట్లేదు.*

వద్దనొద్దు, తారీఖులు మీరు చెప్పండి. మార్చిలోనే ఫోన్ చేసి “మే 5 నుంచి 20 దాకా నలుగుర్నీ పంపండి, ఆ పదిహేను రోజులూ వంటకు మనిషిని పెట్టుకుంటాను, ఆ జీతం మీరిద్దరూ పంచుకోండి” అనండి. పిల్లలు వచ్చాక చెబితే అది విసుగులా వినిపిస్తుంది. ముందే చెబితే ఏర్పాటు అవుతుంది. రైలు టికెట్లు ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి మార్చి మొదటివారం దాటనివ్వకండి. సంక్రాంతికీ ఇదే లెక్క, జనవరి 12 ప్రయాణానికి నవంబరు 13న టికెట్టు తీయాలి.

పిల్లలున్నన్నాళ్లూ రెండు చోట్ల కన్నేసి ఉంచాలి. ఒకటి కాలువ. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పిల్లలు ఎండిన కాలువలో క్రికెట్ ఆడతారు, అడుగు ఎక్కడెంత లోతో తమకు తెలుసనుకుంటారు. పూడిక తీసినచోట్ల గోతులుంటాయి. జూన్ మొదట్లో నీళ్లు వదిలాక ఆ గోతులు కనబడవు, వాళ్లు మాత్రం నిన్నటి ధైర్యంతోనే దిగుతారు. నీళ్లొదిలే రోజు తెలుసుకుని, ఆ ముందురోజు నుంచే గట్టు మీదికి పంపడం మానండి. రెండోది కొబ్బరిచెట్టు నీడ. మంచం అక్కడ వేయొద్దు, ఎండుమట్ట పడినా చాలు తల పగలడానికి.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఎవరూ బయటికి వెళ్లకూడదని, మామ్మ పడుకుంటుందని మొదటిరోజే చెప్పేయండి. ఆ మూడు గంటలే మిమ్మల్ని మంచాన పడకుండా కాపాడేవి.

*సంక్రాంతికి అరిసెలు ఎప్పుడూ నలుగురం కలిసి చేసేవాళ్లం. ఈసారి ఒక్కదాన్నే చేసుకోవాలి. పోయినేడు నూనెలో వేస్తే విడిపోయాయి. కిలో బియ్యానికి లెక్క చెప్పండి.*

ఒక్కరే అయితే కిలో ఒకేసారి పెట్టుకోకండి, రెండు అరకిలోలుగా చేసుకోండి. పాకంలో పిండి పోస్తూ తిప్పడానికి ఇద్దరు కావాలి, అరకిలో అయితే ఒక చేత్తో తిప్పగలరు. గిన్నె కింద తడిగుడ్డ మడిచి పెడితే కదలకుండా నిలబడుతుంది.

కిలో పాత బియ్యం, స్వర్ణ అయితే చక్కగా కుదురుతుంది. 24 గంటలు నానాలి, మధ్యలో రెండు మూడుసార్లు నీళ్లు మార్చాలి, లేకపోతే పులుపు వాసన వస్తుంది. వడకట్టి గుడ్డ మీద పావుగంట మాత్రం ఆరనిచ్చి, తడి ఉండగానే మర పట్టించండి. పిడికిట్లో నొక్కితే పిండి ముద్దగా నిలవాలి. జల్లించాక గిన్నెలో అదిమి, మూతపెట్టి ఉంచండి. పిండి ఆరిందంటే అరిసె పగులుతుంది.

బెల్లం 750 గ్రాములు, కరగడానికి గ్లాసుడు నీళ్లు. కరిగాక వడకట్టండి, ఇసుక ఉంటుంది. మళ్లీ పొయ్యి మీద పెట్టి తిప్పుతూ, పళ్లెంలో నీళ్లుపోసి ఒక చుక్క వేసి చూడండి. చుక్క నీళ్లలో పరుచుకుపోతే ఇంకా లేతపాకం. వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండలా నిలిచి, నొక్కితే అణిగితే అదే మీకు కావలసిన పాకం. పళ్లానికి తగిలి టంగుమంటే ముదిరిపోయింది, అరిసెలు రాళ్లవుతాయి. ఈ రెండిటికీ మధ్య ఒకటి రెండు నిమిషాలే ఉంటుంది, ఆ కాసేపూ ఫోనొచ్చినా తీయకండి.

పాకం కుదరగానే దించి రెండు చెంచాల నెయ్యి, యాలకుల పొడి, నువ్వులు వేసి, పిండిని కొద్దికొద్దిగా పోస్తూ తిప్పండి. పిండి మొత్తం పట్టాలని లేదు, ఓ కప్పు మిగలనివ్వండి. చలిమిడి గరిటె నుంచి జారీ జారనట్టు ఉన్నప్పుడు ఆపాలి, చల్లారాక ఇంకా గట్టిపడుతుంది. ముందుగా ఒకే ఒక్క అరిసె వేసి చూడండి. విడిపోతే పాకం లేత అన్నమాట, మిగిల్చిన పిండి గుప్పెడు కలిపి మర్దించండి. పోయినేడు మీకు జరిగింది ఇదే. గట్టిగా వస్తే గోరువెచ్చటి పాలు చెంచాడు చల్లి మర్దించండి. అరటాకు మీద నెయ్యి రాసి వత్తుకుని, మధ్యస్థంగా కాగిన నూనెలో వేయించి, రెండు గరిటెల మధ్య నొక్కి నూనె తీసేయండి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి. వేడిమీద మూత పెడితే ఆవిరి పట్టి బూజొస్తుంది.

*నా పేరున డాబా, 40 సెంట్ల కొబ్బరితోట ఉన్నాయి. ఇప్పుడే రాసిచ్చేయమ్మా, తర్వాత గొడవలుండవు అంటున్నాడు మా పెద్దబ్బాయి. చూసుకుంటాడనే నమ్మకం ఉంది. దింపు డబ్బు, అంటే కాయలు దింపించి అమ్మిన సొమ్ము కూడా వాడే ఫోన్లో మాట్లాడి తీసుకుంటున్నాడు.*

నమ్మకం ఉన్నా సరే, ఇప్పుడే గిఫ్టు దస్తావేజు రాయొద్దు. అది రిజిస్టరయిన రోజునే ఇల్లు మీది కాకుండా పోతుంది. గొడవలు రాకూడదన్నదే ఆయన ఉద్దేశమైతే వీలునామా సరిపోతుంది. ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే మంచిది. మీరు ఉన్నన్నాళ్లూ ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

రాసివ్వక తప్పని పరిస్థితి వస్తే, నన్ను పోషించాలి, నా జీవితకాలం ఈ ఇంట్లో ఉండే హక్కు నాదే అన్న షరతు దస్తావేజులోనే రాయించండి. 2007 నాటి వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, ఆ షరతు తప్పితే దస్తావేజును రద్దు చేయమని ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌ను అడగొచ్చు. నోటిమాటగా అనుకున్న షరతును నిరూపించడం చాలా కష్టం. సలహా కావాలంటే 14567కి ఫోన్ చేయండి, అది పెద్దవాళ్ల కోసమే పెట్టిన ఉచిత నంబరు.

దింపు సంగతి మాత్రం రేపటి నుంచే మీరు చూసుకోండి. దింపు రోజున తోటలో కుర్చీ వేసుకుని కూర్చోండి. చెట్టుకు ఇంత అని దింపు కూలి, వెయ్యి కాయలకు ఇంత అని ధర, చిన్నకాయను ఎలా లెక్కకడతారన్నది చెట్టెక్కకముందే తేల్చుకోవాలి. ధర అడిగేముందు అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో ఆ రోజు రేటు ఎంతుందో ఒకరిద్దర్ని అడగండి. లెక్కపెట్టేవాళ్లు ప్రతి వందకూ ఒక కాయ పక్కన పెడతారు, ఆ గుట్టను మీరు కూడా లెక్కపెట్టండి. తారీఖు, చెట్లు, కాయలు, ధర, కూలి, చేతికొచ్చింది అన్నీ ఒక పుస్తకంలో రాయండి. నాలుగు దింపులయ్యేసరికి ఏ చెట్టు కాపు తగ్గుతోందో మీకే తెలుస్తుంది. డబ్బు మీ ఖాతాలోనే పడాలి. అందులోంచి అబ్బాయికి ఎంత ఇవ్వాలన్నది మీ ఇష్టం.