జ్వరం దిగిన రోజే జాగ్రత్త

చి.సౌ. మాధవికి పెద్దమ్మ ఆశీస్సులు.

డెంగీ వచ్చిన మీ చిన్నాడికి నిన్న 92 వేలున్న ప్లేట్‌లెట్స్ ఇవాళ 64 వేలకు వచ్చాయని ఏడుస్తూ ఫోన్ చేశావు. అప్పుడు నేనేం చెప్పినా నీ చెవికెక్కలేదు. అందుకే రాస్తున్నా, నెమ్మదిగా చదువుకో.

డెంగీలో ప్లేట్‌లెట్స్, అంటే రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే కణాలు, తగ్గడం మామూలే. లక్షన్నరకు పైన ఉండాల్సినవి ఎముక మూలుగలో సరిగ్గా తయారుకావు, ఉన్నవి త్వరగా నాశనమవుతాయి. చిన్నాడికి జ్వరమొచ్చి ఇది నాలుగో రోజు. ఇంకా దిగొచ్చు, ఆ తర్వాత వాటంతటవే పెరుగుతాయి.

నా భయమంతా జ్వరం దిగే రోజు గురించే. ఒళ్లు చల్లబడగానే ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుంటారు. వార్డులో పనిచేసినన్నాళ్లూ మేం కళ్లు మూయకుండా కాపలా కాసింది ఆ ఒకటి రెండు రోజులే. నెర్రెలిచ్చిన కాలువ గట్టులోంచి నీరు ఊరినట్టు, రక్తనాళాల్లోంచి నీరు కారి పొట్టలో, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. రక్తం చిక్కబడి బీపీ పడిపోతుంది. అది తెలిపేది రిపోర్టులోని పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాలు నూటికి ఎంత వంతు ఉన్నాయో చెప్పే అంకె. మొదట 38 ఉన్నది 46 అయి, ప్లేట్‌లెట్స్ కూడా పడిపోతుంటే ఇంట్లో ఉంచొద్దు.

కడుపులో గట్టిగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుంచో ముక్కునుంచో రక్తం, తారులా నల్లటి విరేచనం, మత్తుగా పడి ఉండటం, కాళ్లూ చేతులూ చల్లబడటం, ఆరు గంటలైనా ఒంటికి వెళ్లకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, అర్ధరాత్రయినా సరే, రిపోర్టు కోసం చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లు. ఇవేవీ లేకపోతే కావలిలోనే మీ డాక్టరు చెప్పినట్టు రోజూ రక్తపరీక్ష చేయిస్తే చాలు, నెల్లూరు పరిగెత్తక్కర్లేదు.

పరీక్ష రోజూ ఒకే ల్యాబులో చేయించు. ఊదారంగు మూత సీసాలో రక్తం తీయగానే మెల్లగా తిప్పి కలపకపోతే గడ్డలు కట్టి, మిషన్ తక్కువ లెక్క చూపిస్తుంది. అంకె ఉన్నట్టుండి బాగా పడిపోతే స్లైడ్ మీద వేసి మైక్రోస్కోపులో చూడమని అడుగు, మొహమాటపడకు.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, డాక్టరు చెప్పిన మోతాదులో. బ్రూఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ రక్తస్రావం పెంచుతాయి. మీ వీధి ఆర్‌ఎంపీ ‘ఒక్క సూదేస్తే దిగిపోతుంది’ అంటాడు, పిర్ర మీద సూది మాత్రం వేయించకు. లోపల రక్తం గడ్డకట్టి వాచిపోతుంది.

మీ అత్తగారి బొప్పాయాకు రసం సంగతి. ఆవిడతో పోట్లాడకు గానీ, ఆ చేదుకు వాంతి చేసుకుంటే తాగిన నీళ్లు కూడా పోతాయి. ఓఆర్‌ఎస్, గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్లు కొంచెం కొంచెంగా పట్టించు. రక్తం పడుతుందని బీట్‌రూట్, దానిమ్మ రసం ఇప్పుడొద్దు. వాంతిలో ఎర్రగా కనిపిస్తే రక్తమో రసమో తెలియక హడలిపోతాం.

ప్లేట్‌లెట్స్ ఎక్కించాలని దాతల కోసం అప్పుడే మెసేజ్‌లు పెట్టకండి. మామూలుగా రక్తస్రావం ఉంటేనో, 10 వేల లోపు పడితేనో ఎక్కిస్తారు. ఊరికే ఎక్కిస్తే ఒరిగేదేమీ లేదు, అలర్జీల బాధ అదనం.

చిన్నాణ్ని పగలు కూడా దోమతెరలోనే పడుకోబెట్టు, ఈ దోమ కుట్టేది పగటిపూటే. ట్యాంకరు నీళ్లు పట్టిన డ్రమ్ములకు మూతలు పెట్టించు.

రేపు రిపోర్టు రాగానే ప్లేట్‌లెట్స్, పీసీవీ రెండూ, రాత్రి ఎన్నిసార్లు ఒంటికి వెళ్లాడో కూడా రాసి పంపు.

మీ పెద్దమ్మ,
ఒంగోలు