స్లాబుకు ముందే పైపులు వేయించండి, పరికరాలకు తొందరపడకండి

ప్రశ్న: గుంటూరు గోరంట్లలో మాకున్న స్థలంలో రెండంతస్తుల ఇల్లు కట్టుకుంటున్నాం. నిర్మాణ అంచనా 52 లక్షల రూపాయలు. అందులో 40 లక్షలు ఇరవై ఏళ్ల గడువుతో, 8.5 శాతం ఫ్లోటింగ్ వడ్డీకి గృహరుణంగా మంజూరైంది. మిగతా 12 లక్షలు మా పొదుపు నుంచి పెడుతున్నాం. ఆపైన చేతిలో సుమారు 4 లక్షలు మిగులుతాయి. కింది అంతస్తుకు సెంట్రింగ్ పని నడుస్తోంది. ఈలోగా మా కాంట్రాక్టరు ‘స్మార్ట్ హోమ్ ప్యాకేజీ’ అంటూ 4.80 లక్షలకు కొటేషన్ ఇచ్చారు. పైపులు, నెట్ కేబుళ్లు, నెట్‌వర్క్ పెట్టె, కూలీ కలిపి 85 వేలు. ఆరు కెమెరాలు, రికార్డరు 75 వేలు. స్మార్ట్ స్విచ్‌లు 1.60 లక్షలు, వీడియో డోర్ ఫోను, డిజిటల్ తాళం 45 వేలు, కర్టెన్ల మోటార్లు 55 వేలు, సీలింగ్ స్పీకర్లు 60 వేలు. రుణం పెంచుకోండి, లేదంటే క్రెడిట్ కార్డు మీద వడ్డీ లేని వాయిదాల్లో కట్టండి అంటున్నారు. ఇప్పుడంతా వై-ఫై కదా, వైర్లు దండగ అని మావారి అభిప్రాయం. అత్తగారు, మామగారు మాతోనే కింద ఉంటారు కాబట్టి చేయిస్తేనే మంచిదని నాకనిపిస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ కొటేషన్‌లో రెండు వేర్వేరు ఖర్చులను ఒకే మూటగా కట్టి చూపించారు. గోడలోకి, స్లాబులోకి వెళ్లే పైపు, అందులోని రాగి కేబుల్ ఇంటితోపాటు దశాబ్దాలు ఉంటాయి. కెమెరాలు, స్విచ్‌లు, మోటార్లు, స్పీకర్లు టీవీ, ఫ్రిజ్ లాంటి వినియోగ వస్తువులు. ఐదారేళ్లకో, ఏడెనిమిదేళ్లకో మార్చుకోక తప్పదు. మొదటి దానికి గృహరుణం వాడుకోవడంలో తప్పు లేదు. రెండో దానికి ఇరవై ఏళ్ల అప్పు చేయకూడదు. కాబట్టి 85 వేల పద్దును ఉంచుకోండి, అవసరమైతే మరికొంత పెంచండి; మిగతా 3.95 లక్షల పద్దులను ఈ దశలో పక్కన పెట్టండి.

లెక్క చూడండి. 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల రుణంలో ప్రతి లక్షకు నెలకు 868 రూపాయల ఈఎంఐ పడుతుంది. 4.80 లక్షలకు అది 4,166 రూపాయలు. గడువు చివరిదాకా కడితే మీ చేతినుంచి వెళ్లే మొత్తం దాదాపు 10 లక్షలు. ఇప్పుడు బిగించిన కెమెరా పాడై, దాని స్థానంలో కొత్తది వచ్చి, అదీ పాతబడిన తర్వాత కూడా మొదటి కెమెరాకు వాయిదా కడుతూనే ఉంటారు. పైగా మీరు అడిగినంతా బ్యాంకు ఇవ్వదు. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉండే గృహరుణాలకు ఆస్తి విలువలో 80 శాతం మించి ఇవ్వరాదని ఆర్‌బీఐ నిబంధన. కాబట్టి అంచనా పెరిగిన ప్రతి రూపాయికీ కనీసం ఇరవై పైసలు మీరే పెట్టుకోవాలి. ఇంజనీరు అంచనా పత్రంలో ఎలక్ట్రికల్ పని కింద చూపగలిగిన పైపులనూ కేబుళ్లనూ బ్యాంకు సాధారణంగా ఒప్పుకుంటుంది గానీ, కర్టెన్ల మోటార్లను, స్పీకర్లను ఇంటి నిర్మాణంగా ఒప్పించడం కష్టం.

క్రెడిట్ కార్డు మార్గం అంతకన్నా ప్రమాదం. సున్నా వడ్డీ అనే భావనే లేదని ఆర్‌బీఐ 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. ఆ వడ్డీ ఎక్కడికీ పోదు. వస్తువు ధరలో కలిసి ఉంటుంది, లేదా మీకు రావాల్సిన తగ్గింపులో కోతపడుతుంది. ప్రాసెసింగ్ రుసుము, వడ్డీ భాగంపై 18 శాతం జీఎస్టీ అదనం. అదీకాక 4.80 లక్షలను పన్నెండు నెలల్లో తీర్చాలంటే నెలకు 40 వేలు కావాలి. ఇల్లు పూర్తయ్యాక మీ గృహరుణ ఈఎంఐయే 34,713 రూపాయలు ఉంటుంది. ఆ రెండూ ఒకే ఏడాదిలో కలిసి వస్తే ఇద్దరు సంపాదించే ఇల్లయినా ఊపిరాడదు.

మీవారి వాదనలో సగం నిజం ఉంది. స్మార్ట్ బల్బులు, స్విచ్‌లు, తాళాలు వైర్‌లెస్‌గానే పనిచేస్తాయి. వాటి కోసం ప్రత్యేకంగా డేటా కేబుల్ లాగనక్కర్లేదు. అయితే తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, ఇనుము దట్టంగా ఉన్న కాంక్రీటు స్లాబు దాటేసరికి వై-ఫై బాగా బలహీనపడుతుంది. కింద హాల్లో రౌటరు పెట్టి పై గదుల్లో పని కానిద్దామనుకుంటే తర్వాత ఎక్స్‌టెండర్ల మీద ఎక్స్‌టెండర్లు కొనాల్సి వస్తుంది. ఒక్కో అంతస్తు సీలింగ్‌లో ఒక యాక్సెస్ పాయింటు (వై-ఫై సిగ్నల్ ఇచ్చే చిన్న పరికరం) పెట్టి, దానికి కేబుల్ ఇస్తే వై-ఫై కూడా బాగుంటుంది. కెమెరాలకు, టీవీకి, కంప్యూటరుకు కేబులే నమ్మకమైనది. కెమెరాకు క్యాట్ 6 రకం నెట్ కేబుల్ వేస్తే ఆ ఒక్కదానిలోనే కరెంటు కూడా వెళ్తుంది. పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్) అనే ఈ పద్ధతి సాధారణ రకంలో నెట్‌వర్క్ స్విచ్ ఒక్కో పోర్టుకు 15.4 వాట్ల దాకా ఇస్తుంది కాబట్టి కెమెరా పక్కన వేరే ప్లగ్గు అక్కర్లేదు.

ఇప్పుడు మీకు నిజంగా తొందర ఉన్నది ఒక్క విషయంలోనే. సీలింగ్ పాయింట్లకు పైపులు స్లాబు ఇనుము కట్టిన తర్వాత, కాంక్రీటు పోయకముందు పడాలి. ఆ రోజు దాటితే మళ్లీ అవకాశం రాదు. గోడల్లో పైపులకు ప్లాస్టరింగ్ దాకా సమయం ఉంది. లప్పం, రంగులు అయ్యాక గోడ చెక్కితే చెక్కిన కూలీ ఒక్కటే ఖర్చు కాదు. ప్లాస్టరింగ్, లప్పం మళ్లీ చేయించాలి, అతుకు కనపడకుండా గోడ మొత్తానికి రంగు వేయించాలి. ఖాళీ పైపు ఇప్పుడు వేయించడానికి అయ్యేది అందులో చిన్న వంతు. అందుకే ఈ పద్దులో పిసినారితనం వద్దంటున్నాను.

మీ ఇంటికి నేను వేసిన అంచనా ఇది: కింద, పైన హాళ్లలో టీవీల దగ్గర రెండేసి, అత్తగారి గదిలో ఒకటి, పై పడక గదులు రెండింటిలో ఒక్కొక్కటి, రెండు సీలింగ్ పాయింట్లు, బయట నాలుగు కెమెరాలకు నాలుగు, గేటు బెల్లుకు ఒకటి, వెరసి పద్నాలుగు. సగటున ఒక్కోటి 18 మీటర్లనుకున్నా 252 మీటర్లు. క్యాట్ 6 కేబుల్ 305 మీటర్ల పెట్టెగా వస్తుంది కాబట్టి ఒక్క పెట్టె సరిపోతుంది. కాంట్రాక్టరు రెండు పెట్టెలు రాస్తే ఎందుకో అడగండి. ప్రతి పాయింటు నుంచీ కేబుల్ నేరుగా నెట్‌వర్క్ పెట్టెకే (రౌటరు, రికార్డరు ఉండే పెట్టె) చేరాలి. కరెంటు వైరును ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకు లూపు చేసినట్టు దీన్ని చేయకూడదు. కరెంటు వైర్లున్న పైపులో దీన్ని కలపనివ్వవద్దు. రెండూ ఎదురైన చోట అడ్డంగా దాటించాలి గానీ పక్కపక్కనే సాగనివ్వకూడదు.

కేబుల్ నాణ్యత దగ్గరే ఎక్కువ మోసం జరుగుతుంది. పైకి రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న కేబుల్‌ను క్యాట్ 6 పేరుతో తక్కువ ధరకు అమ్ముతారు. దానికి నిరోధం ఎక్కువ. కెమెరాలకు కరెంటు మోసేటప్పుడు వేడెక్కుతుంది, కొన్నాళ్లకు చివర్లు విరుగుతాయి. పెట్టె తెరిచినప్పుడు ఒక తీగను బ్లేడుతో గీరి చూడండి. అసలు రాగి అయితే ఎంత లోతుకు గీరినా ఎర్రగానే ఉంటుంది. పూత అయితే తెల్లగా బయటపడుతుంది. ఈ పరీక్ష మీ ఎదుటే చేయించండి, ఎలక్ట్రీషియన్ ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి. గోడలో పూడ్చిన తర్వాత దీనికి మరమ్మతు లేదు.

ఆ 85 వేలకు మరో 15 వేలు కలిపి మూడు పనులు అడగండి. మొదటిది, ప్రతి స్విచ్ బోర్డులో న్యూట్రల్ వైరు, కాస్త లోతైన బాక్సు; ఎక్కువ రకాల స్మార్ట్ స్విచ్‌లకు ఆ రెండూ కావాలి, ఇప్పుడు ఉంచితే స్విచ్‌లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. రెండోది, నైలాన్ దారం లాగి మూత పెట్టిన ఖాళీ పైపులు: వీధి నుంచి నెట్‌వర్క్ పెట్టె దాకా ఒకటి, కింద పెట్టె నుంచి పై అంతస్తుకు ఒకటి, డాబా మీదకు ఒకటి. ఇంటర్నెట్ ఏ సంస్థది పెట్టించుకున్నా, రేపు పై వాటా అద్దెకిచ్చినా గోడ ముట్టుకోనక్కర్లేదు. మూడోది మీ అత్తగారు, మామగారి కోసం. వాళ్ల మంచం పక్కన, బాత్రూములో కూర్చున్నా చెయ్యి అందే ఎత్తులో ఒక్కో బెల్లు బటన్, దాని మోత మీ పడక గదిలో. దీనికి యాప్ అక్కర్లేదు, నెలవారీ చందా ఉండదు. నా దృష్టిలో ఈ ప్యాకేజీ మొత్తంలో అన్నిటికన్నా ముందు చేయించాల్సింది ఇదే. చిత్రంగా కొటేషన్‌లో లేనిదీ ఇదే.

సంతకం చేసే ముందు మీ అసలు నిర్మాణ ఒప్పందం ఒకసారి తిరగేయండి. చదరపు అడుగు ధరలోనే గదికొక టీవీ పాయింటు, టెలిఫోన్ పాయింటు ఇస్తామని చాలా ఒప్పందాల్లో రాసి ఉంటుంది. అలా ఉంటే ఆ పైపులకు, కూలీకి మీరు ఇప్పటికే డబ్బు కడుతున్నట్టు లెక్క; ప్యాకేజీలో మళ్లీ కట్టనక్కర్లేదు. పద్దులవారీగా కేబుల్ మీటర్లు, పైపు సైజు, పాయింట్ల సంఖ్య రాయించుకుని, అందులో పది శాతం సొమ్ము ఆపి ఉంచండి. రెండు చివర్లా నంబరు చీటీలు అంటించి, లప్పానికి ముందు ప్రతి కేబుల్‌నూ నెట్‌వర్క్ కేబుల్ టెస్టరుతో చూపించిన తర్వాతే ఆ సొమ్ము ఇవ్వండి. ప్లాస్టరింగ్‌కు ముందు ప్రతి గోడకూ కొలత టేపు ఆనించి ఫోన్‌లో ఫొటో తీసి దాచుకుంటే, పదేళ్ల తర్వాత మేకు కొట్టేటప్పుడు కూడా పనికొస్తుంది.

డబ్బు సర్దుబాటు ఇలా చేసుకోవచ్చు. లక్ష రూపాయల పనిలో 80 వేల దాకా రుణంలో ఇమడ్చమని, తదుపరి విడత విడుదలకు ముందే ఇంజనీరు చేత సవరించిన అంచనా ఇప్పించి బ్యాంకును అడగండి. ఒప్పుకుంటే ఈఎంఐ పెరిగేది సుమారు 694 రూపాయలు. మీది ఫ్లోటింగ్ వడ్డీ కాబట్టి చేతిలో డబ్బున్నప్పుడు జరిమానా లేకుండా ముందే తీర్చవచ్చు. ఒప్పుకోకపోతే చేతిలోని 4 లక్షల నుంచి ఆ లక్ష ఇచ్చేయండి. మిగిలిన మూడు లక్షల్లో ఆరు నెలల ఈఎంఐకి సరిపడా 2.08 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేరుగా ఉంచి, దాని జోలికి పోకండి. 52 లక్షల పని 52 లక్షల్లోనే ముగుస్తుందని నేనైతే భరోసా పెట్టుకోను. ఆ మిగతా 90 వేలు దానికే.

పరికరాలకు మరో దారి ఉంది. ప్యాకేజీ మొత్తాన్ని అప్పు చేస్తే కట్టాల్సిన ఈఎంఐకి, ఇప్పుడు లక్ష పనికి పడే ఈఎంఐకి మధ్య తేడా నెలకు దాదాపు 3,470. గృహప్రవేశం అయిన నెల నుంచి అంతే సొమ్ము రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఏడాదికి అది 40 వేలు దాటుతుంది. మొదటి ఏడాది గేటు వైపు, పెరటి వైపు రెండు కెమెరాలు, రికార్డరు, వీడియో డోర్ ఫోను కొనుక్కోండి. క్లౌడ్‌లో దాచే కెమెరాలకు నెలనెలా చందా ఉంటుంది. ఇంట్లోనే హార్డ్ డిస్కున్న రికార్డరుకు అది ఉండదు. స్మార్ట్ స్విచ్‌లు హాల్లో ఒక బోర్డుకు పెట్టి ఆరు నెలలు వాడి చూడండి. ఇంట్లో అందరూ మామూలు మీటలే నొక్కుతుంటే మిగతా లక్షన్నర మిగిలినట్టే. కర్టెన్ల మోటార్లు, స్పీకర్లు సరదా ఖర్చు. బోనస్ వచ్చిన ఏడాది చూసుకోవచ్చు.

పన్ను సంగతి. కొత్త పన్ను విధానంలో సొంతంగా నివసించే ఇంటి రుణ వడ్డీకి మినహాయింపు లేదు. పాత విధానంలో ఏడాదికి 2 లక్షల వరకు ఉంది. మీరిద్దరూ ఏ విధానంలో ఉన్నారో రాయలేదు గనుక, పన్ను కలిసొస్తుందన్న లెక్కతో రుణం పెంచుకోవద్దు. అయితే జీఎస్టీ బిల్లులు మాత్రం అడిగి తీసుకోండి. బిల్లు లేకపోతే తక్కువకు ఇస్తామంటారు; అలా తీసుకుంటే కేబుల్ వారంటీ నోటిమాటగానే మిగులుతుంది, ఎప్పుడైనా ఇల్లు అమ్మితే ఆ ఖర్చును నిర్మాణ వ్యయంగా రుజువు చేసి మూలధన లాభం తగ్గించుకునే వీలూ పోతుంది.

నెట్‌వర్క్ పెట్టెను మెట్ల కింద నేలకు దగ్గరగా పెట్టించవద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచినప్పుడు కింది అంతస్తుల్లోని కరెంటు సామాన్లు పాడయ్యాయి. గోరంట్లకు బుడమేరు లేకపోయినా, నేలనుంచి ఐదడుగుల ఎత్తున, గాలి ఆడే చోట పెట్టించడానికి అదనపు ఖర్చేమీ లేదు. డాబా మీద రేకుల గదిలో మాత్రం పెట్టనివ్వకండి. మన మే నెల ఎండకు రికార్డరు తట్టుకోదు. ఇల్లు పూర్తయ్యాక భారత్ గృహ రక్ష పాలసీ తీసుకునేటప్పుడు గోడలోని వైరింగ్ ఖర్చును భవనం విలువలో కలిపి చెప్పండి. ఆ పాలసీ వరద నష్టానికీ వర్తిస్తుంది. భవనం బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు ఇంటి సామానుకు అందులోనే రక్షణ ఉంటుంది కాబట్టి, వరద నష్టం విషయంలో తర్వాత కొనే కెమెరాలకు విడిగా బీమా వెతుక్కోనక్కర్లేదు.

స్లాబు తేదీ ఖరారయ్యేలోపు మేస్త్రిని, ఎలక్ట్రీషియన్‌ను ఒకేసారి పిలిపించి, సెంట్రింగ్ చెక్కల మీద సుద్దతో రెండు సీలింగ్ పాయింట్లూ, పై అంతస్తుకు వెళ్లే పైపు చోటూ గుర్తు పెట్టించండి. కొటేషన్‌లోని మిగతా పద్దుల గురించి కాంట్రాక్టరుకు ఇల్లు పూర్తయ్యాకే జవాబు చెప్పవచ్చు.