పశువుల జన్యుశాస్త్రం చదువుతానంటున్న అమ్మాయి: రాజాం ప్రాంతపు తండ్రికి సమాధానం

రాజాం దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం సారాంశం ఇది. ఆయనకు రెండున్నర ఎకరాల భూమి, రెండు గ్రేడెడ్ ముర్రా గేదెలు, ఒక జెర్సీ సంకర ఆవు ఉన్నాయి. పాల డబ్బుతోనే ఇద్దరు పిల్లలనూ చదివిస్తున్నారు. ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరంలో ఉన్న పెద్దమ్మాయి, బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) చేసి ఆ తరువాత పశువుల జన్యుశాస్త్రంలో పరిశోధన చేస్తానని పట్టుబడుతోంది. విశాఖపట్నంలో ఉంటున్న బావమరిది మాత్రం ఆ చదువు వద్దనీ, ప్రైవేటు విశ్వవిద్యాలయంలో జెనెటిక్ ఇంజనీరింగ్ పేరుతో ఉన్న బీటెక్‌లో చేర్చమనీ, అవసరమైతే అర ఎకరం అమ్మినా పరవాలేదనీ చెబుతున్నారు. ‘పేడ ఎత్తే బతుకు నాతోనే ఆగిపోవాలనుకున్నాను, అమ్మాయి మళ్ళీ పశువుల దగ్గరికే వెళ్తానంటోంది, రెండు దారుల్లో ఏది మంచిదో పోల్చి చెప్పండి’ అని ఆయన అడిగారు. చదువుకోవలసిన వేళలో కూడా ఏ గేదె ఎప్పుడు ఎదకు వచ్చిందో, ఏ పూట ఎన్ని లీటర్లు ఇచ్చిందో నోటు పుస్తకంలో రాసుకుంటూ కూర్చుంటోందని ఒక ఫిర్యాదు కూడా చేశారు.

అయ్యా, మీరు అడిగిన పోలిక చెబుతాను. అయితే ఇలాంటి ఉత్తరాలు బొబ్బిలి నుంచి, టెక్కలి నుంచి, గజపతినగరం నుంచి నాకు తరచుగా వస్తూనే ఉంటాయి. కోర్సు పేరు మారుతుంది గాని లోపలి భయం మారదు. నలుగురిలో ‘మా అమ్మాయి పశువుల డాక్టరు’ అని చెప్పుకోవలసి వస్తుందేమోనన్న సంకోచమే మీ చేత ఈ ఉత్తరం రాయించింది. ఈ మాట కొంచెం కటువుగా ఉన్నా చెప్పక తప్పదు. మీ ఇద్దరు పిల్లల పుస్తకాలకూ ఫీజులకూ డబ్బిచ్చిన పశువుల గురించి మీ అమ్మాయికి సిగ్గు లేదు. ఆ సిగ్గును ఆమెకు మీరు నేర్పవద్దు. పేడ ఎత్తడం వేరు, ఒక పశువు పదేళ్ళ తరువాత పుట్టబోయే మనుమరాలికి ఏమి ఇస్తుందో లెక్కకట్టడం వేరు. రెండోది చేయగలవారు ఈ దేశంలో చాలా తక్కువమంది ఉన్నారు.

ఆమె వెళ్తానంటున్న రంగంలో నిజంగా జరిగే పని ఏమిటో ముందు చెబుతాను, ఎందుకంటే మీకు గాని, మీ బావమరిదికి గాని దాని రూపం తెలిసినట్లు లేదు. దున్నపోతు పాలివ్వదు, కాని మంద మొత్తం పాల దిగుబడిని ఎక్కువగా నిర్ణయించేది అదే, ఎందుకంటే ఒక గేదెకు జీవితకాలంలో ఐదారు దూడలు పుడితే, ఒక మంచి పోతు వీర్యంతో వేలాది దూడలు పుడతాయి. ఏ పోతు మంచిదో చూపుతో తేల్చలేము గనుక, దాని వీర్యంతో పుట్టిన పెయ్య దూడలు పెరిగి, ఈని, పాలిచ్చేదాకా ఆగి, వేర్వేరు ఊళ్ళలో వేర్వేరు మేత తిన్న ఆ కూతుళ్ళ దిగుబడులను కొలిచి, మేత వల్ల వచ్చిన తేడాను, ఈతను బట్టి వచ్చిన తేడాను, కాలం వల్ల వచ్చిన తేడాను గణితంతో విడదీసి, మిగిలినదాన్ని తండ్రి లెక్కలో వేస్తారు. సంతాన పరీక్ష అనే ఈ పద్ధతిలో ఒక పోతు విలువ తేలడానికి ఏళ్ళు పడుతుంది. పాల దిగుబడిలో పశువుకూ పశువుకూ కనిపించే తేడాలో వంశపారంపర్యంగా వచ్చేది సుమారు నాలుగో వంతు మాత్రమే, సకాలంలో చూలు కట్టడం వంటి లక్షణాలలో అది 5 శాతం కూడా ఉండదు. అంత చిన్న భాగాన్ని మిగతా గందరగోళం నుంచి వేరుచేసి పట్టుకోవడమే ఈ శాస్త్రం.

అలవాటైన కంటికి కూడా ఇందులో ఎంత కనిపించకుండా పోతుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. అమెరికాలో 1962లో పుట్టిన పానీ ఫార్మ్ ఆర్లిండా చీఫ్ అనే, హోల్‌స్టీన్ పాడి జాతికి చెందిన ఆంబోతు కూతుళ్ళు విపరీతంగా పాలిచ్చాయి. దాని రక్తం ప్రపంచంలోని హోల్‌స్టీన్ మందలన్నిటిలోకీ పాకింది. అదే ఆంబోతు ఒక దెబ్బతిన్న జన్యువును కూడా మోసింది. దాని వంశంలోని ఆవుకు, దాని వంశంలోనిదే అయిన ఆంబోతు వీర్యం అందినప్పుడు, రెండువైపుల నుంచీ ఆ జన్యువు వచ్చిన పిండం కడుపులోనే పోయేది. రైతు మాత్రం ఆవు చూలు కట్టలేదనుకునేవాడు. 2011లో జన్యు సమాచారంలో ఒక లోటు కనిపించి ఆ సంగతి బయటపడింది, 2016లో జన్యువే దొరికింది. దానివల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 5 లక్షల గర్భాలు పోయి ఉంటాయని పరిశోధకులు అంచనా వేశారు. పాలొక్కటే చూసుకుంటూ ఎంపిక చేయడంవల్ల ఆ జాతిలో చూలు కట్టే శక్తి దశాబ్దాలపాటు తగ్గుతూ వచ్చి, చివరికి 2003లో పాడి పశువుల విలువపై అమెరికా ప్రభుత్వం చేసే మదింపులో గర్భధారణ రేటును కూడా చేర్చవలసి వచ్చింది. మీ సంకర ఆవు సరిగా చూలు కట్టనప్పుడు దాణా మార్చడమో సూది వేయించడమో మీ చేతిలో ఉంటుంది, తరువాతి తరం అలా పుట్టకుండా చూడడం మీ అమ్మాయి ఎంచుకున్న చదువు చేతిలో ఉంటుంది.

ఇక ఆ నోటు పుస్తకం సంగతి. 2001లో ముగ్గురు శాస్త్రవేత్తలు, మ్యూవిసెన్, హేస్, గొడ్డార్డ్, పశువు జన్యు సమాచారమంతటా పరచుకున్న వేలాది గుర్తులను ఒకేసారి లెక్కలోకి తీసుకుని దూడ పుట్టగానే దాని విలువను అంచనా వేయవచ్చని చూపించారు. 2009 నుంచి అమెరికా పాడి పశువులకు అది అధికారిక పద్ధతి అయింది, కూతుళ్ళు ఈనేదాకా ఆగవలసిన కాలం అంతటితో తగ్గిపోయింది. మన దేశంలోనూ 2024 అక్టోబరులో అలాంటి జన్యు గుర్తులను చదివే చిప్‌లు, ఆవులకు గౌ చిప్, గేదెలకు మహిష్ చిప్, విడుదలయ్యాయి. అయితే చిప్ చెప్పేది జన్యు సమాచారంలోని అక్షరాలు మాత్రమే. ఏ అక్షరం ఉన్న గేదె ఎన్ని లీటర్లిచ్చిందో, ఎన్ని నెలలకు మళ్ళీ ఎదకు వచ్చిందో వేలాది పశువుల నుంచి ఏళ్ళ తరబడి రాసిపెట్టిన లెక్క లేకపోతే ఆ అక్షరాలకు అర్థం రాదు. ఇంటికి రెండు మూడు పశువులున్న మన ప్రాంతంలో ఆ లెక్క రాసేవారే లేరు. రసాయనాలూ యంత్రాలూ కొనుక్కోవచ్చు, ఈ కొరతను కొనుక్కోలేము. మీరు ఫిర్యాదు చేసిన పనే, దేశమంతటా జరగక ఈ శాస్త్రాన్ని మనదగ్గర వెనక్కి పట్టి ఉంచిన పని. దయచేసి ఆ పుస్తకం జోలికి వెళ్ళకండి, వీలైతే పాలు కొలిచే గిన్నె మీరే అందించండి.

ఇప్పుడు మీ బావమరిది చెప్పిన దారి గురించి నాకున్న సందేహాలు దాచకుండా చెబుతాను. ఆ కోర్సు పేరు వినగానే గుర్తొచ్చే జన్యు సవరణ, అంటే పశువు జన్యువును నేరుగా మార్చడం, అబద్ధమేమీ కాదు. ఎండను తట్టుకునే పొట్టి వెంట్రుకల పశువులను 2022లోనూ, పందులను చంపే ఒక వైరస్‌ను తట్టుకునే పందులను 2025లోనూ అమెరికా నియంత్రణ సంస్థ అనుమతించింది. కాని అవి ఒకే జన్యువుతో తేలిపోయే లక్షణాలు. పాలు, పెరుగుదల, ఆయుష్షు వంటివి వేలాది జన్యువుల చిన్న చిన్న ప్రభావాల మొత్తం, వాటిని కత్తెరతో సరిచేయడం కుదరదు, తరతరాలుగా ఎంపిక చేసుకుంటూ పోవడమే దారి. అలాంటి సవరణ చేసే ప్రయోగశాలలు ప్రపంచంలోనే కొద్ది, వాటిలో అడుగుపెట్టేవారు ఎక్కువగా పీహెచ్‌డీ చేస్తున్నవారో, దాటినవారో. నాలుగేళ్ళ బీటెక్‌తో ఆ తలుపు తెరుచుకుంటుందని ఏ కళాశాల ప్రకటన అయినా సూచిస్తే, ఆ ప్రకటనను నేను నమ్మను. నా దగ్గరికి వచ్చే బయోటెక్నాలజీ పట్టభద్రులలో చాలామంది చివరికి సాఫ్ట్‌వేర్ శిక్షణలోనో మందుల కంపెనీ నాణ్యత విభాగంలోనో తేలుతున్నారు. అవి గౌరవమైన ఉద్యోగాలే, కాని వాటికోసం అర ఎకరం అమ్మవలసిన పని లేదు. భూమి అమ్మి కట్టే ఫీజుకు బదులుగా ఆ కళాశాల ఏమి ఇస్తుందో మీ బావమరిదిని ఒక్కసారి కాగితం మీద రాసివ్వమని అడగండి.

అలాగని ఆ దారి పూర్తిగా మూసుకుపోయిందని చెప్పడం న్యాయం కాదు. బీటెక్ గాని, జన్యుశాస్త్రంలో బీఎస్సీ గాని చేసి, ఎమ్మెస్సీ ముగించి, జాతీయ స్థాయి ఫెలోషిప్ సంపాదించినవారు హైదరాబాదులోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ వంటి చోట్ల పీహెచ్‌డీకి వెళ్ళవచ్చు. తేడా ఏమిటంటే, ఆ ఫెలోషిప్ రాకపోతే వారి చేతిలో మిగిలేది డిగ్రీ కాగితం ఒక్కటే. బీవీఎస్సీ చదివినవారికి పరిశోధన కుదరకపోయినా వైద్యం చేసే అర్హత మిగులుతుంది. పశుసంవర్ధక శాఖ, డెయిరీలు, కోళ్ళ పరిశ్రమ, బీమా సంస్థలు, బ్యాంకులు వారిని తీసుకుంటాయి. పశు జన్యుశాస్త్రంలో ఎంవీఎస్సీ (పశువైద్యంలో పీజీ) చేయడానికి బీవీఎస్సీ తప్పనిసరి. మీ అమ్మాయికి లెక్కలంటే భయం ఉంటే మాత్రం ఇప్పుడే గణాంకశాస్త్రం మొదలుపెట్టమనండి, ఎందుకంటే బైపీసీ పిల్లలు ఈ రంగంలో ఎక్కువగా తడబడేది అక్కడే. పశువైద్యంలో సీటు రాకపోతే మత్స్యశాస్త్రం కూడా ఆలోచించదగినదే. ఇచ్ఛాపురం దాటి కొన్ని గంటల ప్రయాణంలో ఉన్న భువనేశ్వర్‌లోని మంచినీటి మత్స్య పరిశోధన సంస్థలోనే, తరతరాల ఎంపికతో, త్వరగా పెరిగే జయంతి రోహు అనే చేప రకం తయారైంది.

కష్టాలు కూడా చెప్పాలి. బీవీఎస్సీకి ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నర సంవత్సరాలు, ఎంవీఎస్సీకి రెండు, పీహెచ్‌డీకి కనీసం మూడు పడుతుంది. అంటే ఆమె తన కాళ్ళ మీద శాస్త్రవేత్తగా నిలబడేసరికి ముప్పై దగ్గరపడుతుంది. పై చదువు ఉత్తరాదిన పశు పరిశోధన సంస్థలున్న కర్నాల్‌లోనో ఇజ్జత్‌నగర్‌లోనో ఉండవచ్చు, అక్కడి చలికీ రొట్టెలకూ అలవాటుపడాలి. శాస్త్రవేత్తల నియామకాలు ఏటా ఒకే తీరుగా ఉండవు. పెళ్ళి సంగతి మీరు ఉత్తరంలో రాయలేదు గాని, దాని గురించి ఆలోచించకుండా ఉండరని నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళకు సంబంధం చూడాలన్న పట్టుదలతో పరిశోధన చదువును సగంలో ఆపించిన తండ్రులను చూశాను. వారి పిల్లలు ఆ సంగతి మరచిపోలేదు. మీకు ఆ ఉద్దేశం ఉంటే ఇప్పుడే ఆమెతో విప్పి మాట్లాడండి, ఐదేళ్ళు ఆశపెట్టి తరువాత అడ్డం పడకండి.

ఆడపిల్ల పెద్ద పశువులను అదుపు చేయగలదా అన్న అనుమానం మీకుంటే అది వదిలేయండి. పశువును నిలబెట్టే చట్రం ఉంటుంది, సాయం చేసే మనుషులు ఉంటారు, మీ జెర్సీ ఆవు మీకంటే ఆమె మాటే ఎక్కువ వింటుందేమో మీరే గమనించండి. ఈ కళాశాలల్లో ఇప్పుడు ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో చదువుతున్నారు. ఖర్చు గురించి కూడా అంతగా కంగారుపడవద్దు. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయపు ప్రభుత్వ కళాశాల గరివిడిలో ఉంది, మీకు అది దగ్గరే. ప్రభుత్వ సీటు ఫీజు ప్రైవేటు బీటెక్‌తో పోల్చదగినది కాదు. బాగా చదివితే ఎంవీఎస్సీ నుంచి ఫెలోషిప్ వస్తుంది, పీహెచ్‌డీలో జాతీయ పరీక్ష నెగ్గితే జూనియర్ ఫెలోషిప్ 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. ఇన్నేళ్ళ చదువులో సగభాగానికి మీ చేతి నుంచి పోయేది తక్కువే కావచ్చు. అర ఎకరం అలాగే ఉంచండి.

ఏ కళాశాలలోనైనా చేరే ముందు, ఆ సంవత్సరానికి భారత పశువైద్య మండలి గుర్తింపు ఏ స్థితిలో ఉందో కాగితం మీద చూసుకోండి, ఎందుకంటే గుర్తింపు లేని డిగ్రీతో పశువైద్యురాలిగా నమోదు కావడం కుదరదు. సంక్రాంతి సెలవులు ముగిశాక ఒక పనిదినాన అమ్మాయిని వెంటబెట్టుకుని గరివిడి వెళ్ళండి. జన్యుశాస్త్ర విభాగం అధ్యాపకులను కలిసి ఆ నోటు పుస్తకం చూపించమనండి, మీరు పక్కన కూర్చుని వినండి. తిరిగి వచ్చాక కూడా మీకు బీటెక్ మీదే మనసు ఉంటే, ఆ కారణాలు ఆమె చేత కూడా చదివించి నాకు రాయండి. అప్పుడు ఫీజులూ మార్కులూ ముందు పెట్టుకుని మళ్ళీ మాట్లాడుకుందాం.