గర్భిణి ఆందోళన పడితే బిడ్డ మెదడుకు హాని జరుగుతుందా?

ఆరో నెల అని, మీ ఆయన ఉద్యోగం పోయినప్పటి నుంచి రోజూ ఏడుస్తున్నానని, ఇది బిడ్డ మెదడు మీద పడుతుందా అని అడిగారు. నేను డాక్టరును కాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు నాకు అయిదో నెల.

ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు మాది. కిటికీ అద్దాలు పగలగానే స్నానాల గదిలో బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాను. తలుపు ఊడిపోకుండా మా ఆయన గంటల తరబడి వీపు ఆనించి నిలబడ్డారు. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, మోటారు లేదు. రాత్రుళ్లు బిడ్డ కదులుతోందా అని పొట్ట మీద చెయ్యి తీయలేదు.

పాపకు రెండేళ్లు దాటినా మూడు నాలుగు మాటలకు మించి రాలేదు. అప్పుడే కెనడా పరిశోధన గురించి చదివాను. 1998 జనవరిలో క్యూబెక్‌లో మంచు తుపాను వచ్చి కొన్ని ఇళ్లకు నెలకు పైగా కరెంటు లేదు. ఎక్కువ కష్టాలు పడ్డ గర్భిణుల పిల్లల్లో భాష, తెలివితేటల మార్కులు సగటున తగ్గాయట. నా వల్లే అనుకుని కుమిలిపోయాను. తీరా పిల్లల డాక్టరు వినికిడి పరీక్ష చేయిస్తే, కర్ణభేరి వెనుక నీరు చేరిందని తేలింది! అది తీయించాక మాటల పుట్టే.

‘సగటున’ అన్న మాట అప్పట్లో నా కంటికి ఆనలేదు. సగటున తగ్గాయంటే ప్రతి బిడ్డకూ తగ్గాయని కాదు. తల్లి రక్తంలోని కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌లో చాలా భాగాన్ని మాయ (ప్లాసెంటా)లోని ఒక ఎంజైమ్ నిర్వీర్యం చేస్తుంది. తీవ్రమైన ఆందోళన నెలల తరబడి సాగితే ఆ కాపలా సడలవచ్చు, పిల్లల్లో ఆందోళన, ఏకాగ్రత సమస్యల ముప్పు కొంత పెరుగుతుంది. అయినా ఎక్కువమంది పిల్లలు బాగానే ఉంటారు.

‘టెన్షన్ పడకమ్మా’ అనే సలహా అంటే నాకు ఒళ్లుమంట. మా అత్తయ్య ఆ మాట ఒక్కసారీ అనలేదు. నా చేతిలోని నీళ్ల బిందె లాక్కుని తనే మోసేవారు. మీ ఇంట్లో ఆ బిందె ఏదో చూసుకుని, ఎవరికైనా అప్పగించండి. రోజూ ఏడుపు వస్తోందంటే మాత్రం వచ్చే చెకప్ దాకా ఆగకుండా డాక్టరుకు చెప్పండి. ఈలోగా 14416కు ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.