సీటీఆర్ ఒక్కటే చూస్తే సరిపోదండీ

అరకు, బొర్రా గుహల ట్రిప్పుల సైటులో గూగుల్ యాడ్‌సెన్స్ యాడ్స్ పెడితే నెలకి 20000 పేజీ వ్యూస్, 100 యాడ్ క్లిక్స్, 8 డాలర్లే వస్తున్నాయి, సీటీఆర్ (అంటే వ్యూస్‌లో ఎంత శాతం యాడ్ క్లిక్స్ అయ్యాయో) బాలేదా అని అడిగారు కదా. మీ లెక్కన సీటీఆర్ అర శాతం, క్లిక్‌కి 8 సెంట్లు, వెయ్యి వ్యూస్‌కి వచ్చేది అంటే ఆర్పీఎం 40 సెంట్లు. నేనైతే ఆర్పీఎమ్మే చూస్తా, ఎందుకంటే క్లిక్స్ పెరిగినా ఒక్కో క్లిక్‌కి వచ్చే డబ్బు పడిపోతే చేతికొచ్చేది అంతే.

యాడ్స్ అన్నీ పేజీ అడుగునే ఉన్నాయన్నారు, ఫోన్లో అంత కిందకి ఎవరు స్క్రోల్ చేస్తారండీ, ఒకటి మొదటి పేరా తర్వాత పెట్టి ఇంకేం మార్చకుండా రెండు వారాలు వదిలేసి మొబైల్, డెస్క్‌టాప్ రిపోర్టులు విడివిడిగా చూడండి. వైజాగ్ నుంచి రైలు టైమింగుల పేజీకొచ్చేవాళ్లు టైం చూసుకుని వెళ్లిపోతారు, హోటళ్లు, కార్ల అద్దె మీద రాస్తే మామూలుగా యాడ్ రేటు బావుంటుంది, అవి పెంచండి. గాజువాక ఫ్రెండ్స్‌తో క్లిక్ చేయిద్దామన్న ఆలోచన మాత్రం వద్దే వద్దు, యాడ్‌సెన్స్ అకౌంటే పోవచ్చు.